మార్కా రేకు

జింకు రేకు మీద చివరి సున్న దగ్గరికి వచ్చేసరికి యలమందయ్య ఉలిని రాయి మీద రెండుసార్లు పదును పెట్టుకున్నాడు. సున్న చూడ్డానికి తేలిక, కొయ్యడానికి కష్టం. చుట్టూ గుండ్రంగా కోసుకొచ్చేస్తే మధ్యలో బిళ్ళ ఊడి కింద పడుతుంది. రేకులో మిగిలేది సున్న కాదు, బొక్క. అందుకని పైనొకటి, కిందొకటి, బియ్యపు గింజంత వెడల్పున అతుకు ఉంచాలి. ఆ రెండు అతుకుల మీదే మధ్య బిళ్ళ నిలబడుతుంది. రేకును సంచి మీద పరిచి సిరా కుచ్చుతో అద్దితే అక్షరం ఆ రెండు చోట్లా తెగినట్టు పడుతుంది గాని, చదివేవాడికి సున్నలాగే కనపడుతుంది. "అతుకు ఉంచకపోతే నడిమిది నిలవదురా" అని పదో ఏట ఉలి చేతికిచ్చినప్పుడు తండ్రి చెప్పాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఉలి పిడి రెండుసార్లు మారింది.

ఇది ఏ షావుకారు మార్కా కాదు. కోటిరత్నం పేరు. ఆమె షెడ్డుకు వచ్చేలోపల పూర్తి చెయ్యాలని తెల్లవారకుండానే వచ్చి కూర్చున్నాడు. సున్నతో కలిపి అయిదు అక్షరాలూ అయ్యాక రేకు అంచులు ఆకురాయితో రాసి, వేలికి గుచ్చుకోకుండా చూసుకుని, పాత పేపర్లో చుట్టి బల్ల కింద పెట్టాడు.

గుంటూరు మిర్చి యార్డు వెనక, కోల్డ్ స్టోరేజీల దారిలో ఉంటుందా షెడ్డు. ఒక పక్క చిరిగిన గోతాల గుట్టలు, ఇంకో పక్క మార్కాల బల్ల, గోడ పొడుగునా మేకులకు వేలాడే మూడు వందల పైచిలుకు రేకులు. షావుకార్ల పేర్లు, ఊళ్ళ పేర్లు, సరుకు రకాలు. వాటిలో సగం కొట్లు ఎప్పుడో ఎత్తేశారు గాని రేకులు మాత్రం మేకుల మీదే ఉన్నాయి. మిరప దుమ్ము పట్టి అన్నిటికీ ఒకటే రంగు వచ్చింది. కొత్తవాడెవడైనా లోపలికొస్తే గడప దాటేలోపలే నాలుగు తుమ్ములు తుమ్మాలి. యలమందయ్య తుమ్మి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది.

ముప్ఫై మూడేళ్ళ మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటాడు. కుడిచేతి వేళ్ళ సందుల్లో నల్ల సిరా ఎంత కడిగినా పోదు. వాళ్ళది పర్చూరు దగ్గర పల్లెటూరు. తండ్రి మొదట అక్కడ పొగాకు బేళ్ళకు మార్కాలు కోసేవాడు. పిల్లాడి తల్లి పోయాక మిర్చి యార్డును నమ్ముకుని గుంటూరు వచ్చేశాడు. అక్కకి పెళ్ళయి వెళ్ళిపోయింది, తండ్రీ పోయాడు, పాత గుంటూరులో ఒక గది, ఒక కిరసనాయిలు పొయ్యి మిగిలాయి. సంబంధాలు రాకపోలేదు. ఒకళ్ళు గడప దాకా వచ్చి, అబ్బాయి ఒంటరిగా గదిలో కూర్చుని తనలో తను ఏదో భాషలో మాట్లాడుకుంటాడని పక్కవాటా వాళ్ళు చెప్పగా విని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. పక్కవాటా వాళ్ళు చెప్పింది అబద్ధం కూడా కాదు.

"అప్పుడే వచ్చావా, ఇంత పొద్దున్నే?" అంటూ కోటిరత్నం వచ్చి గోతాల మీద కూలబడింది. యాభై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ పొగాకు ముక్క. చిరిగిన గోతాలకు అతుకులేసి కుట్టడం ఆమె పని. ఆమె మొగుడు బతికున్నప్పటి నుంచీ, యలమందయ్య తండ్రి బతికున్నప్పటి నుంచీ ఈ షెడ్డులోనే కుడుతోంది. చదువు రాదు. తను కుట్టిన గోతం తెలియడానికి మూలన ఎర్ర దారంతో మూడు కుట్లు వేస్తుంది, అదే ఆమె సంతకం.

"బండి సాయంత్రం అయిదింటికి అత్తా. ఇయ్యన్నీ సర్దాలిగా."

"సర్దు. ఎవరు కాదన్నారు." దబ్బనంలోకి పురికొస ఎక్కించి పనిలో పడింది.

ఆ ప్రయాణం చైనాకి. ఈ మాట ఇప్పుడు చెప్పుకుంటుంటే వినేవాళ్ళకే కాదు, యలమందయ్యకి కూడా నమ్మకం కుదరదు. పాస్‌పోర్టు చొక్కా లోపలి జేబులో ఉంది. తడిమి చూసుకుంటే తగులుతుంది. అయినా కుదరదు.

ఇది మొదలైంది ఆరేళ్ళ కిందట, రెండువేల సంవత్సరంలో, ఒక తప్పుతో. త్యాగరాజు గారనే షావుకారు మొట్టమొదటిసారి చైనాకి సరుకు పంపుతూ, ఒక కాగితం మీద ఆరు బొమ్మల్లాంటి అక్షరాలు తెచ్చి, ఇవి కోసి టిక్కీల మీద వెయ్యమన్నాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోతం. యలమందయ్య గీతకు గీత దించి కోశాడు. నాలుగు వందల టిక్కీల మీద వేశాడు. తలకిందులుగా వేశాడు. షావుకారు చూశాడు, గుమస్తా చూశాడు, లారీ వాడు చూశాడు, రేవులో అధికార్లు చూశారు. ఒక్కడికీ తెలియలేదు. రెండు నెలలకు అవతలి నుంచి ఫోటో వచ్చింది. ఫోటోతోబాటు ఏం రాశారో గాని, త్యాగరాజు గారు దాన్ని బల్ల మీద విసిరి, "కళ్ళు నెత్తికెక్కాయా ఏందిరా, అన్నీ తలకిందులే" అన్నాడు. నలుగురు హమాలీలు నవ్వారు.

అందరూ రెండో రోజుకి మర్చిపోయారు. యలమందయ్య మర్చిపోలేకపోయాడు. అక్షరం అన్నది కోశాక దాని తల ఎటుందో తెలియకపోవడం, తాతల నాటి నుంచీ అక్షరాలు కోసి బతికే ఇంట్లో పుట్టినవాడికి చిన్న సిగ్గు కాదు. ఆ ఆదివారం బెజవాడ వెళ్ళి, పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి, ఇంగ్లీషులో చైనా భాష నేర్పే పుస్తకం ఒకటి పట్టాడు. మొదటి పద్నాలుగు పేజీలు లేవు. శబ్దాలు ఎలా పలకాలో చెప్పేవి సరిగ్గా ఆ పేజీలే. అందుకని మొదటి ఏడాది యలమందయ్య మాట్లాడింది చైనా భాష అని చైనా వాళ్ళు కూడా ఒప్పుకోరు. తర్వాత షార్ట్‌వేవ్ రేడియో కొన్నాడు, లాడ్జి సెంటర్లో నెట్ సెంటర్‌కు పోయి గంటలు గంటలు విన్నాడు, ఏ మాట దగ్గర గొంతు ఎత్తాలో దించాలో ఉంగరపు వేలితో గాలిలో గీసుకుంటూ నేర్చాడు. మధ్యలో దూరవిద్యలో బీఏ కూడా లాగించాడు. పని చేస్తూ గొణుక్కునేవాడు. జవాబు చెప్పేవాళ్ళు లేరు గనక ప్రశ్నా తనే అడిగేవాడు, జవాబూ తనే చెప్పేవాడు. మధ్యాహ్నం పీపాలో నీళ్ళు ముంచి చేతులు కడుక్కునేటప్పుడు ప్రతిరోజూ అదే పాఠం.

"నీ ఛర్లె మా?" అనేవాడు. అన్నం తిన్నావా అని.

"ఛర్లె" అనేవాడు మళ్ళీ తనే, కాస్త గొంతు మార్చి. తిన్నాను అని.

"ఆ గొణుగుడు ఆపి కూడు తినరా" అనేది కోటిరత్నం, గోతం మీది నుంచి తల ఎత్తకుండా.

అతన్ని లోపల తొలిచేసే భయం ఒకటే. తన నోట్లోంచి వచ్చేది నిజంగా ఒక భాషేనా, లేక పుస్తకం, రేడియో, తన ఒంటరితనం కలిసి తయారు చేసిన ఇంకేదైనానా? ఆరేళ్ళలో ఒక్కడైనా విని "అవును, అర్థమైంది" అనలేదు. అలా అనగల మనిషి గుంటూరు జిల్లాలోనే లేడు. నిరుడు ఒకసారి ఒక చైనా కొనుగోలుదారు గిడ్డంగి చూడ్డానికి వచ్చాడు. యలమందయ్య ఉతికిన చొక్కా వేసుకుని, ఒక్క వాక్యం నోట్లో పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన లోపలికి వచ్చి, ఘాటు తగిలి, పదకొండు తుమ్ములు తుమ్మి, కళ్ళెంట నీళ్ళు కారుతూ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఆ రాత్రి యలమందయ్య అన్నం తినలేదు.

ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాడు. ఒక ఏడాది భాషా కోర్సు, చైనాలో ఒక మోస్తరు ఊరి విశ్వవిద్యాలయం, ఫీజు లేని సీటు. ఎందుకు చదవాలనుకుంటున్నారో సొంత చేతితో చైనా భాషలో ఒక పేజీ రాసి పంపమన్నారు. పంపాడు. సీటు వచ్చింది. సీటు కాగితంతో బాటు అక్కడి టీచరమ్మ ఇంగ్లీషులో చిన్న చీటీ పెట్టింది. మీ రాత చక్కగా ఉంది గాని, పెట్టెలా మూసుకోవలసిన ప్రతి అక్షరంలోనూ పైనా కిందా గీత తెగిపోయి ఉంది, మీ కలం పాడైందా అని అడిగింది.

చీటీ చదివి యలమందయ్య తను రాసిన నకలు తీసి చూశాడు. నిజమే. ప్రతి పెట్టెకీ రెండు సందులు. అతను ఆ అక్షరాలను మొదట రేకు మీదే నేర్చాడు. మధ్య ముక్క రాలిపోకుండా చెయ్యి తనంతట తనే అతుకు వదిలేసింది. తెలుగులోనూ అంతే. బ్యాంకులో సంతకం చేస్తే పేరు మధ్యలో సున్న రెండుగా విరిగి ఉంటుంది. మూడు నెలలుగా రోజూ ఒక పేజీ పెట్టెలు మూసి రాయడం సాధన చేస్తున్నాడు. జాగ్రత్తగా రాస్తే మూసుకుంటాయి, ధ్యాస తప్పితే తెరుచుకుంటాయి.

పదకొండు గంటలకు త్యాగరాజు గారి గుమస్తా వచ్చి చివరి పని ఇచ్చాడు. అరవై టిక్కీలకు మార్కా వెయ్యాలి. ఇప్పుడు సంచులు అచ్చు వేసుకునే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి, ఇక రేకుల అవసరం లేదు. ఈ అరవై మాత్రం మిగిలిపోయిన పాత సంచులు. యలమందయ్య గోడ మీది నుంచి ఆ ఆరు అక్షరాల రేకు తీసి, తల పైకి ఉందో లేదో అలవాటుగా చూసుకుని, ఒక్కొక్క సంచి మీద పెట్టి అద్దుకుంటూ పోయాడు. సిరా కుచ్చు గోనె మీద పడే మెత్తటి చప్పుడు, దబ్బనం లోపలికి దిగి పురికొస బయటికి జారే చప్పుడు తప్ప షెడ్డులో ఇంకేం లేదు.

"ఫోను చేశావా?" అంది కోటిరత్నం.

చెయ్యలేదు. ఫలానా రోజున ఫలానా విమానానికి దిగుతానని ఫోను చేసి చెబితే, మనిషిని పంపిస్తామని టీచరమ్మ రాసి పది రోజులయింది. ఇంగ్లీషులో చెప్పొచ్చు. మెయిల్లో రాయొచ్చు. కాని ఫోను చెయ్యాలి, వాళ్ళ భాషలోనే చెయ్యాలి అని పంతం పట్టాడు. పట్టి, రోజూ ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాడు. అక్కడ ఎవరికీ అర్థం కాకపోతే అప్పుడేం చెయ్యాలో అతనికి తెలియదు. విమానం ఎక్కడం అనవసరమని మాత్రం తెలుసు.

"చేస్తాలే అత్తా."

"వాళ్ళకి మనకంటే రెండున్నర గంటలు ముందని నువ్వేగా చెప్పింది. ఈపాటికి వాళ్ళకి పొద్దు వాలుద్ది. ఆఫీసుకి తాళం వేసుకుని పోతారు. లెగు."

యలమందయ్య కుచ్చు కింద పెట్టాడు. టైము ఒకటిన్నర.

యార్డు గేటు పక్కన ఎస్టీడీ బూత్ షాజాదీది. రోజూ వచ్చి అద్దాల గది చూసి వెళ్ళిపోయే ఈ మనిషిని చూసి ఆమె, "ఇవాళైనా లోపలికెళ్తావా అన్నా, లేకపోతే చూసిపోతావా?" అంది. అతను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. చేతి మీద పెన్నుతో రాసుకున్న నంబరు చెమటకి చెదిరింది గాని, అది అతనికి నోటికి వచ్చు.

అవతల మోగింది. ఆడగొంతు పలికింది. యలమందయ్య కళ్ళు మూసుకుని, పది రోజులుగా నూరుకున్న మూడు వాక్యాలూ చెప్పేశాడు. నేను ఇండియా నుంచి యలమందయ్యను. ముప్ఫై ఒకటో తారీఖు మధ్యాహ్నం దిగుతాను. విమానం నంబరు ఇది.

అవతల ఏమీ లేదు. వైర్లో సముద్రపు హోరు లాంటిదేదో వినపడింది. ఒకటి, రెండు, మూడు లెక్క పెట్టాడు. ఆరేళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. చిరిగిన పుస్తకం, రేడియో గరగర, హమాలీల నవ్వు. అంతా వట్టిదేననుకున్నాడు. ఫోను పెట్టేద్దామని చెయ్యి దించబోయాడు.

అప్పుడు ఆమె మాట్లాడింది. ముప్ఫై ఒకటి, మధ్యాహ్నం, అని అతను చెప్పింది అతనికే తిరిగి చెప్పింది. విమానం నంబరు అంకె అంకె పలికింది. రాసుకుంటున్నట్టుంది, మధ్యమధ్య ఆగింది. తర్వాత, "ఆగండి, అక్షరాలు తెగిపోయి రాసేది మీరేనా?" అంది. ఆ వాక్యం మొత్తం అతనికి అర్థమైంది.

అవునన్నాడు. ఎందుకు తెగుతాయో చెప్పాలనుకున్నాడు. రేకు అన్నదానికి, ఉలి అన్నదానికి మాట తెలియదు. ఉన్న మాటల్లోనే వెతుక్కుని, "మధ్యది కింద పడిపోకుండా" అన్నాడు.

ఆమెకి ఏమర్థమైందో గాని, "రండి. ఎదురుచూస్తుంటాం" అంది.

యలమందయ్య బూత్ బయటికి వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. షాజాదీ చూసి, మిరప ఘాటేమో అనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది. అతను తాగాడు. భాషే. తను మాట్లాడింది భాషే. సంతోషంతో గుండె నిండిపోయింది, ఆ సంతోషం చెప్పుకోవడానికి యార్డు నిండా చూస్తే ఒక్క మనిషి కనపడలేదు. లారీలకు ఎత్తుతున్నారు, కాటాలు వేస్తున్నారు, ఎవరి పని వాళ్ళది. ఎవరి చెయ్యి పట్టుకుని ఆపి ఏమని చెబుతాడు. ఇంత ఒంటరిగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు, తండ్రి పోయిన రోజున కూడా.

షెడ్డుకి వచ్చేసరికి అతని బ్యాగు కోటిరత్నం ఒళ్ళో ఉంది. పిడి ఊడిపోయేట్టుందని కుడుతోంది.

"అర్థమైందంట అత్తా వాళ్ళకి."

"కాకేం. ఆరేళ్ళు గొణిగితే గోడలకి కూడా అర్థమవుద్ది." దారం పళ్ళతో తెంపింది. పిడి మొదట్లో ఎర్ర దారంతో మూడు కుట్లు. "గట్టిగానే వేశా. ఈ సంచి చిరిగినా పిడి ఊడదు."

మిగిలిన టిక్కీలకు మార్కా వేసేశాడు. కుచ్చు కిరసనాయిల్లో కడిగాడు. ఉలి, సుత్తి గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. అక్కడ వాటితో పనేమిటని తనకే నవ్వొచ్చింది గాని తియ్యలేదు. గోడ మీది రేకులను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత బల్ల కిందికి వంగి, పేపరు విప్పి, పొద్దున కోసిన రేకు తీశాడు.

ఎప్పుడో నాలుగేళ్ళ నాడు ఒక మధ్యాహ్నం, "ఊరందరి పేర్లూ కోస్తావ్. నా పేరెప్పుడన్నా కోశావంట్రా?" అందామె. నవ్వులాటకే అంది. అతను మర్చిపోలేదు. ఇది నీ పేరత్తా, ఇకనుంచి ఎర్ర దారం అక్కర్లేదు, గోతం మీద ఇది పెట్టి అద్దుకో అని చెప్పాలని పది రోజులుగా అనుకుంటున్నాడు. ఆమె లోపలి గుట్టలోంచి గోతాలు లాగుతూ వెనక్కి తిరిగి ఉంది. రేకును ఆమె కుట్టిన గోతాల మీద పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి చెబుదామని పీపా దగ్గరికి వెళ్ళాడు.

నీళ్ళు ముంచుకుని చేతుల మీద పోసుకున్నాడు. వేళ్ళ సందుల్లో సిరా ఎప్పటిలాగే పోలేదు. ఆరేళ్ళ అలవాటు, నోరు దానంతటదే కదిలింది.

"నీ ఛర్లె మా?"

జవాబుకి గొంతు మార్చుకునేలోపల వెనక నుంచి వినపడింది.

"ఛర్లె."

ఎత్తవలసిన చోట ఎత్తి, దించవలసిన చోట దించి, శుభ్రంగా. యలమందయ్య తిరిగి చూశాడు. కోటిరత్నం వచ్చి తన చోట కూర్చుంది. తల ఎత్తలేదు. దబ్బనం గోతంలోకి దింపి, అవతల నుంచి లాగుతోంది.

ముంత చేతిలో ఉండిపోయింది. ఇన్నాళ్ళూ జవాబు చెప్పే మనిషి లేడనుకుని, రెండు మాటలూ తనే మోశాడు. ఆమె ఎన్నేళ్ళ కిందటే నేర్చుకుందో. ఎన్ని మధ్యాహ్నాలు జవాబు నోట్లో పెట్టుకుని, అతను ఆగుతాడేమోనని చూసిందో. అతను ఒక్కరోజు కూడా ఆగలేదు. రేకు సంగతి, పేరు సంగతి అసలు గుర్తే రాలేదు.

"వెళ్ళొస్తానత్తా" అన్నాడు చివరికి.

"ఊఁ. బండి టైమయింది, నడువు."

బ్యాగు భుజానికి తగిలించుకుని గడప దాటాడు. అప్పటికి నాలుగయింది. కోల్డ్ స్టోరేజీల దారిలో ఎండ ఇంకా తగ్గలేదు. మలుపు దగ్గర ఒక ఆటో ఆగింది, ఎక్కాడు, వెళ్ళిపోయాడు.

కోటిరత్నం చేతిలో గోతం పూర్తి చేసి, మూలన మూడు ఎర్ర కుట్లు వేసి, గుట్ట మీద పెట్టబోయి రేకును చూసింది. కొత్త రేకు. అటు తిప్పి ఇటు తిప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. సందుల్లోంచి వెలుగు ఆమె మొహం మీద పడింది. ఎవరో షావుకారు మార్కా కాబోలు, మర్చిపోయి వదిలేశాడు పిచ్చి సన్నాసి, అడగడానికి ఎవరో ఒకరు వస్తారులే అనుకుంది. లేచి, చైనా రేకు తీసిన మేకు ఖాళీగా ఉంటే దానికి తగిలించి, వచ్చి కూర్చుని ఇంకో గోతం ఒళ్ళోకి లాక్కుంది. గోడ నిండా నల్లబడిన పాత రేకుల మధ్య అదొక్కటే సిరా మరక లేకుండా మెరుస్తూ, తలకిందులుగా వేలాడుతోంది.